కిందికి దిగని చూపు

మా బావ తాగుతున్నాడని మొదట అన్నది నేనే. ఆ మాటని ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదు.

ఆ వేసవిలో మేం ఒక పెద్ద బడికి రంగులు వేసే పని ఒప్పుకున్నాం. మూడు అంతస్తులు, ముప్పై ఒక్క గదులు, రెండు వైపులా మెట్లు. చేతిలో ఉన్నవి యాభై రోజుల సెలవులు. పిల్లలు తిరిగొచ్చే నాటికి గోడలు ఆరిపోవాలి, వాసన పోవాలి, బల్లలు ఎక్కడివక్కడ సర్దేసి ఉండాలి. మొత్తం ఏడుగురం. మాటలు మాట్లాడి పని ఒప్పుకునేది నేనైనా, గోడ దగ్గరికొచ్చేసరికి మా అందరికీ పెద్ద మా బావే. మా అక్క మొగుడు. నాకు పదిహేడేళ్లప్పుడు చేతికి గరుకు కాగితం ఇచ్చి, గోడని గీకడం కాదు బుజ్జగించాలని నేర్పింది ఆయనే. ఆ ఏటికి ఇద్దరం కలిసి ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే నిచ్చెన మోస్తున్నాం.

నిచ్చెన మీద ఉన్నంతసేపూ ఆయన నోరు ఊరుకునేది కాదు. మీ అక్కని చూసి పెళ్లికి ఒప్పుకున్నాను గానీ ముందు నిన్ను చూసుంటే ఊరు దాటి పారిపోయేవాణ్ణి అనేవాడు. నేను ఊరుకునేవాణ్ణా, ఇప్పటికైనా మించిపోయింది లేదు, బస్సు ఎక్కిస్తాను పద అనేవాణ్ణి. ఈ పాత జోకులే రోజూ తిప్పి తిప్పి వాడేవాళ్లం. విసుగు వినేవాళ్లకే గాని మాకు లేదు.

చలికాలంలో ఎప్పుడో ఆ జోకులు ఆగిపోయాయి. ఆయన మొహం బిగుసుకుపోయింది. ఎవరో వెనక నుంచి గట్టిగా పిలిచినట్టు కళ్లు పెద్దవి చేసుకుని ఎదురుగా చూస్తుండేవాడు. మాట ముద్దగా వచ్చేది. చొక్కా ముందు భాగమంతా భోజనం మరకలు. మడత నలగని చొక్కా వేసుకుని పనికొచ్చి, మా అందరి చొక్కాలకీ వంకలు పెట్టే మనిషి ఆయన. రెండుసార్లు రంగు బక్కెట్లో నిలువునా కాలు పెట్టాడు. ఒకసారి నవ్వుకున్నాం. రెండోసారి ఎవరూ నవ్వలేదు.

బడి పని మొదలైన రెండో వారంలో, పంతుళ్ల గదిలో రెండు స్టూళ్ల మధ్య పలక వేసుకుని పైకప్పు అంచు గీకుతున్నాడు. నేను గుమ్మం దగ్గర, గోడ గుంటలు పూడ్చే లప్పం కలుపుతున్నాను. ఎవరూ తోయలేదు, ఏమీ జారలేదు. ఉన్నవాడు ఉన్నట్టే, కర్ర పడ్డట్టు నిటారుగా వెనక్కి పడ్డాడు. కింద దుమ్ము గుడ్డల కుప్ప ఉంది కనక బతికిపోయాడు. మామూలుగా పడేవాడు చెయ్యి చాపుతాడు, మోకాలు ముడుస్తాడు. ఆయన ఆ పని కూడా చెయ్యలేదు.

లేపి కూర్చోబెట్టాం. ఏమైంది బావా అంటే ఏదో చెప్పబోయాడు. నాలుక తిరగలేదు. మనుషులంతా చుట్టూ మూగారు. నాకు భయం వేసి ఉండాల్సింది. కోపం వచ్చింది.

"ఊదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. ఊదాడు. చిన్నపిల్లాడు డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టు, ఒక్క మాట అడక్కుండా. టర్పెంటైన్ వాసన తప్ప ఇంకేం రాలేదు. మాలో ఒకతన్ని అందరం గోడ అని పిలుస్తాం, రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడడు. అతను ఆ రోజు మాటల్లో రెండు అక్కడ ఖర్చుపెట్టాడు. వాసన లేదు, అన్నాడు. నేను చెవిన వేసుకోలేదు. టర్పెంటైన్ చాటున ఇంకేదో దాక్కుందని నాకు నేనే చెప్పుకున్నాను.

సాయంత్రం తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. అక్క ముందు గదిలో మిషన్ మీద బట్టలు కుడుతోంది. చెప్పాను. ఆమె కాలు మిషన్ మీద ఆగింది. ఎన్నాళ్ల నుంచని అడిగింది. చలికాలం నుంచి అనుకుంటా అన్నాను. రోజూ తాగొచ్చే మా నాన్నతో వేగినవాళ్లం మేమిద్దరం. మాకు ఇలాంటి సంగతి నమ్మడానికి సాక్ష్యాలు అక్కర్లేదు.

తరవాతి మూడు వారాలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో నేను అరకొరగానే చూశాను. అక్క ఆయన సంచీ వెతికింది, బీరువా వెనక వెతికింది, నీళ్ల తొట్టి మూత తీసి చూసింది. ఏమీ దొరకలేదు. దొరకని కొద్దీ ఆమెకి కోపం పెరిగింది. ఆయన మంచం ముందు గదిలోకి మార్చేసింది. కంచం పెట్టి పక్కకి వెళ్లిపోయేది. ఇక్కడ బడిలో నేనేమో ఆయన్ని నిచ్చెన ఎక్కనివ్వకుండా, బ్రష్షులు కడిగే పనిలో పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ల తరవాత నా కింద బ్రష్షులు కడగమంటే ఒక్క మాట అనకుండా కడిగాడు. తప్పు చేసినవాడు కనకే నోరెత్తడం లేదనుకున్నాను. ఒక్కసారి మాత్రం, కుళాయి దగ్గర, నా వైపు తిరక్కుండానే నేను తాగలేదురా అన్నాడు. ఆ మాట కూడా తాగినవాడి మాటలాగే ముద్దముద్దగా వచ్చింది.

వాళ్లకి ఒక్కతే కూతురు. చిట్టి అంటాం. ఇరవై నాలుగేళ్లది, కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. జనం చెవుల వెనక కమ్మీలు సరిచేసి, అక్షరాల బోర్డు చదివించి, అద్దాలు బిగించి ఇస్తుంది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేసి ఒకసారి షాపుకి రమ్మంది. నాన్న ఇక్కడే ఉన్నాడు, ఆలస్యం చెయ్యకు అంది. నేను చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా వెళ్లాను.

షాపులో బేరాలెవరూ లేరు. బావ ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనకి జోడు మార్చడం ఈ ఆరు నెలల్లో ఇది మూడోసారట. దూరానికి పైన, దగ్గరికి కింద అద్దం ఉండే జోడు అది. ఎన్నిసార్లు మార్చినా దగ్గరిది కనపడటం లేదంటాడు. అద్దం తప్పు కాదని చిట్టికి ఆ రోజే తట్టింది.

"మావయ్యా, ఇటు నిలబడి నాన్న కళ్లు చూడు" అంది. తరవాత ఆయన గడ్డం కింద వేలు ఆనించింది. "నాన్నా, తల కదపకు. పెన్ను ఎటు పోతే అటు చూడు. అంతే."

పెన్ను కుడికి వెళ్లింది. కళ్లు నిదానంగా వెళ్లాయి. ఎడమకి వెళ్లాయి. పైకి కాస్త వెళ్లాయి. పెన్ను కిందికి దిగింది. కళ్లు దిగలేదు. పెన్ను ఆయన ఛాతీ దాకా వచ్చినా చూపు ఉన్నచోటే, నా చొక్కా గుండీ మీదే నిలిచి ఉంది.

"చూస్తున్నావా నాన్నా?"

"చూస్తున్నా" అన్నాడు బావ. చూస్తున్నాననే అనుకుంటున్నాడు.

ఆ జోడులో దగ్గరి అద్దం కింద ఉంటుంది. కిందికి చూడలేనివాడికి అది ఉన్నా లేనట్టే. నాకు వరసగా అన్నీ కళ్ల ముందుకి వచ్చాయి. బక్కెట్లో కాలు, చొక్కా మీద మరకలు, గడపలు తట్టుకోవడం, మెట్ల దగ్గర ఆగిపోవడం. ఏదో ఒకటి అనాలి కనక, మరి తాగుడు సంగతేంటే అన్నాను, గొంతు తగ్గించి.

చిట్టి నా వైపు తిరిగింది. "నాన్న తాగుతుంటే నువ్వు చూశావా మావయ్యా?"

"లేదు."

"అమ్మ చూసిందా?"

"లేదు."

ఆమె పెన్ను జేబులో పెట్టుకుంది.

కళ్ల డాక్టరు చూసి, నరాల డాక్టరుకి చీటీ రాశాడు. నలుగురం కలిసే వెళ్లాం. నరాల డాక్టరు చిన్న మనిషి, పొట్టి జుట్టు, మా చిట్టి కన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. ఆమె మొదట ఏ యంత్రం జోలికీ పోలేదు. బావని గది ఆ చివర నుంచి ఈ చివరికి నడిపించింది. మెడ పట్టి కదిపింది, అది కొయ్యలా ఉంది. తన ముక్కు మీద చూపు ఆనించమని చెప్పి, రెండు చేతులతో ఆయన తల పట్టుకుని మెల్లిగా వెనక్కి వంచింది. అప్పుడు మాత్రం కళ్లు కిందికి దిగాయి. అక్క ఆశగా ముందుకి వంగింది. డాక్టరు ఆమెకి విడమరిచి చెప్పింది. కళ్లలో లోపం లేదు, కిందికి దిగే దారి ఉంది. దిగమని హుకుం ఇచ్చే చోటే ఏదో చెడింది అంది.

తరవాత నన్ను బావ వెనక నిలబెట్టి, తను మా ఇద్దరి మధ్యలోకి వచ్చి, ఆయన భుజాలు పట్టుకుని చప్పున వెనక్కి లాగింది. ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకుంటారు. బావ అడుగు వెయ్యలేదు. పంతుళ్ల గదిలో పడ్డట్టే, నిటారుగా ఆమె మీదికి వచ్చేశాడు. ఇద్దరం కలిసి పట్టుకున్నాం.

స్కానింగ్ మర్నాడు పొద్దున. ఆ గదిలోకి ఇనుము వెళ్లకూడదు. అక్కడి టెక్నీషియన్ కాగితం పట్టుకుని ప్రశ్నలు అడుగుతుంటే నేను బావ తరఫున జవాబులు చెప్పాను. గుండెలో ఏమైనా పెట్టారా, లేదు. ఆపరేషన్లు అయ్యాయా, లేదు. ఎప్పుడైనా కంట్లో ఇనప రజను పడిందా? నేను లేదు అనబోతుంటే, బావ "పడింది" అన్నాడు. ఎప్పుడో ఒక పాత గేటు తుప్పు గీకుతుంటే పడిందట. నాకు గుర్తే లేదు. అంత ముద్దమాటలోనూ ఏ గేటో, ఏ కన్నో చెప్పాడు. లోపల ముక్క మిగిలుంటే అయస్కాంతం దాన్ని కదిలిస్తుందని, ముందు కళ్లకి ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదని తేలాకే లోపలికి పంపారు.

కదలకుండా పడుకోగలడో లేడో అని నన్ను కూడా లోపల ఉండనిచ్చారు. బెల్టు, తాళాలు, ఫోను అన్నీ బయట పెట్టించి, చెవుల్లో దూది లాంటి బిరడాలు పెట్టారు. బావ తల మీద పంజరం లాంటిది మూసి, బల్లని లోపలికి జరిపారు. బయటికి ఆయన పాదాలే మిగిలాయి. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు రంగు ఉంది. నేను ఎడమ పాదం పట్టుకుని కూర్చున్నాను. యంత్రం మొదట టకటకమని కొట్టింది, తరవాత గోడకి బోల్టు దింపుతున్నట్టు అదే పనిగా మోగింది. అరగంట పైన పట్టింది. ఇంట్లో గాని పనిలో గాని ఆయన అన్నేసి నిమిషాలు కదలకుండా ఉన్నది నేను చూడలేదు. నేను చెయ్యి తీస్తే ఏమవుతుందో అన్నట్టు ఆ పాదాన్ని వదల్లేదు.

రెండు రోజుల తరవాత డాక్టరు ఆ బొమ్మలు తెర మీద చూపించింది. తల మధ్యలోకి నిలువునా కోసి పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. మెదడు నుంచి వెన్నులోకి దిగే కాడని పెన్సిలుతో చూపించింది.

"ఇదిగో, ఈ పై భాగం ఉబ్బెత్తుగా ఉండాలి. ఇది ఇంకొకరిది, చూడండి. ఇది మీ వారిది. పల్చబడి, పైన గుంటపడింది. పక్క నుంచి చూస్తే పొడుగు ముక్కు పిట్టలా కనిపిస్తుంది. మేం కూడా పిట్ట అనే అంటాం."

నిజంగానే పిట్ట ఉంది. సన్నటి ముక్కు, చిన్న తల, కింద గుండ్రటి పొట్ట. ఒకసారి చూశాక ఇంక ఆ బొమ్మలో వేరే ఏదీ కనపడదు. నేను బతుకంతా గోడలు చూసినవాణ్ణి. పైన రంగు నున్నగా ఉండి, లోపల సిమెంటు వదిలేసిన గోడలు ఎన్నో చూశాను. తట్టి చూస్తే గాని తెలియదు. ఈయన్ని నేను ఆ మాత్రం తట్టి కూడా చూడలేదు.

ఒక్క బొమ్మని చూసి చెప్పడం లేదంది డాక్టరు. చూపు దిగకపోవడం, వెనక్కి పడటం, మెడ బిగుసుకోవడం, మాట, ఇవన్నీ ఒకవైపు ఉంటే, బొమ్మ కూడా అదే చెబుతోందంది. లక్షల్లో ఏ కొద్దిమందికో వస్తుందట. ప్రోగ్రెసివ్ సుప్రా న్యూక్లియర్ పాల్సీ. చిట్టి ఆ పేరు కాగితం మీద రాసుకుని, సరిగ్గా రాశానా అని చూపించి దిద్దించుకుంది. నయం చేసే మందు లేదు. కొన్ని మాత్రలు వాడి చూద్దాం, కాస్త తేలిక పడితే పడొచ్చు అంది. పడటం ఎక్కువవుతుంది, మాట తగ్గుతుంది, మింగడం కష్టమవుతుంది. ఎన్నేళ్లని అడిగితే లెక్క చెప్పలేను, ఏళ్లే గాని నెలలు కాదంది.

అక్క అంతసేపూ చేతిసంచీ పట్టీ మెలిపెడుతూ కూర్చుంది. చివరికి అడిగింది.

"అంటే ఇది తాగుడు వల్ల వచ్చింది కాదా అమ్మా?"

"తాగుతారా? నాకెవరూ చెప్పలేదే" అంది డాక్టరు, కాగితాలు వెనక్కి తిప్పుతూ. "ఎవరన్నారు?"

చిట్టి నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతోందని నాకు తెలుస్తోంది. నేను నోరు తెరిచాను.

"ఎవరూ అనలేదు" అన్నాడు బావ.

ఆయన ఆ రెండు మాటలూ విడివిడిగా, పట్టి పట్టి, ఎక్కడా ముద్ద కాకుండా అన్నాడు. డాక్టరు సరే అని కాగితాలు మూసేసింది.

తిరుగు బస్సులో అక్కా చిట్టీ ముందు సీట్లో, మేమిద్దరం వెనక. బడి పని ఎంతవరకు వచ్చిందో చెబుతూ కూర్చున్నాను, నోరు ఖాళీగా ఉండకూడదని. రెండో అంతస్తు అయిపోయింది, మూడోది సగం అయింది, మెట్ల దారులు మిగిలాయి. ఆయన విన్నాడో లేదో తెలియలేదు. నాలుగైదు స్టాపులు దాటాక చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఆ రోజు... ఊదమన్నావే."

"ఇప్పుడెందుకు బావా అది."

"ఊదాను కదా. ఎందుకు ఊదానో తెలుసా?" ఊపిరి కూడదీసుకున్నాడు. "నాకూ అనుమానమే. తాగి... మర్చిపోయానేమోనని."

పాత రోజుల్లో అయితే ఆ మాట వెనకే పెద్ద నవ్వు వచ్చేది. ఇప్పుడు ఆ మొహం కదలదు. నవ్వులాటకి అన్నాడో, ఆరు నెలలుగా నిజంగానే తనని తాను అనుమానించుకున్నాడో చూసి తెలుసుకునే వీలు లేదు. ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. బావ భోజనాల బల్ల దగ్గర కూర్చుని తింటున్నాడు. అక్క బల్ల మీద ఒక చెక్కపెట్టె బోర్లించి, దాని మీద కంచం పెట్టింది. కంచం దాదాపు ఆయన గడ్డం ఎత్తులో ఉంది. ఆయన ఎదురుగా చూస్తూ, ఒక్క మెతుకు కింద పడకుండా తింటున్నాడు. మంచం మళ్లీ లోపలి గదిలోకి వెళ్లిపోయింది. ఆ పెట్టె ఆలోచన అక్కకి ఎవరూ చెప్పలేదు.

వంటింట్లోకి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. ఏదైనా అంటుందని చూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె గిన్నె తోముతూనే మాట్లాడింది.

"నువ్వు చెప్పినప్పటి నుంచీ రోజూ ఆయన పడుకున్నాక నోరు వాసన చూసేదాన్నిరా. ఏ వాసనా లేదు. ఒక్క రోజు కూడా లేదు." గిన్నె బోర్లించింది. "అయినా నీ మాటే నమ్మాను."

నన్ను నిందించడానికి అన్నట్టు లేదు ఆ గొంతు. తనలో తను లెక్క చూసుకుంటున్నట్టుంది. నేను తువ్వాలు తీసుకుని ఆ గిన్నెలు తుడిచాను. అంతకన్నా చెయ్యడానికి నాకేమీ తోచలేదు.

బావ ఇంట్లో కూర్చోనన్నాడు. బడికి తీసుకెళ్లాను. అక్క పెట్టెని చూశాను కదా, ఒక గదిలో పిల్లల బల్లలు రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పైన రంగు డబ్బాలు పెట్టాను. వెనక గోడ ఆనేలా కుర్చీ వేశాను, పడటానికి చోటు లేకుండా. డబ్బాలు సరిగ్గా ఆయన కళ్లకి ఎదురుగా వచ్చాయి. బ్రష్షు పట్టే చెయ్యి నెమ్మదించింది గాని రంగు చూసే కన్ను ఎక్కడికీ పోలేదు. పాత గోడ రంగుకి కొత్త రంగు కలపడంలో మాలో ఆయన సాటి వచ్చేవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. గోడ అనే అతను కర్రతో కలుపుతుంటే, బావ చూసి, ఇంకో చుక్క నలుపు అనేవాడు. ఒక్క చుక్కకే రంగు దారికి వచ్చేది.

ఆయన తిరిగొచ్చిన మొదటి రోజు టీ తాగేటప్పుడు అందరినీ పిలిచాను. ముందు రాత్రి నుంచీ మనసులో కూర్చుకున్న మాటలన్నీ అక్కడికొచ్చేసరికి ఎగిరిపోయాయి. బావ తాగలేదు, అది జబ్బు, మెదడులో ఒక చోట అరిగిపోతోంది, ఆ రోజు మీ అందరి ముందు నేను చేసింది తప్పు, అని గబగబా అనేశాను. అందరూ గ్లాసుల్లోకి చూస్తున్నారు. కిందికి చూడనివాడు బావ ఒక్కడే.

"తాగుడైతే... బాగుండేది" అన్నాడు. "మానేసేవాణ్ణి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తరవాత గోడ నవ్వాడు. అతను నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. అతన్ని చూసి మిగతావాళ్లూ నవ్వారు. నేను నవ్వుతూ బయటికి వచ్చి, కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

ఆ తరవాత సంగతి చెప్పాలంటే, బావ నాలుగేళ్లు బతికాడు. డాక్టరు చెప్పినవన్నీ ఆమె చెప్పిన వరసలోనే వచ్చాయి. మాత్రలు పెద్దగా పని చెయ్యలేదు. రెండేళ్ల దాకా నాతో పనికి వచ్చాడు, డబ్బాల ముందు కూర్చునేవాడు. మాట పూర్తిగా పోయాక, రంగు కుదిరితే బొటనవేలు ఎత్తేవాడు. చిట్టి ఆయనకి కిందిది పైకి కనిపించే అద్దాలు ఎక్కడి నుంచో తెప్పించి బిగించింది. వాటితో కొన్నాళ్లు పేపరు చదివాడు. చివరి ఏడాది మంచం మీదే. ఒక వానాకాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు. అప్పుడు అక్క పక్కనే ఉంది.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ వేసవి గురించి. సెలవుల ఆఖరి సాయంత్రం పని ముగిసింది. మర్నాడు పొద్దున పిల్లలు వస్తారు. మనుషులంతా సామాన్లు దించి, గేటు దగ్గర బండికి ఎక్కిస్తున్నారు. బావ మూడో అంతస్తులో ఉన్నాడు. పొద్దున నేనూ గోడా కలిసి ఎక్కించాం. ఎక్కడం ఆయనకి నయమే. దిగడమే కష్టం, మెట్టు కనపడదు.

పని వెనకపడి, రెండు వైపులా మెట్ల దారి గోడలకి ఆ రోజే చివరి పూత వేశాం. రెయిలింగుకీ రంగు వేశాం. పట్టుకోవడానికి ఏదీ లేదు. నేను ఆయనకి ఎదురుగా, రెండు మెట్లు కింద నిలబడి, ఆయన చేతులు నా భుజాల మీద వేయించుకున్నాను. గోడ అనే అతను వెనక నుంచి ఆయన నడుం పట్టుకున్నాడు. నేను వెనక్కి దిగుతూ ఒక్కో మెట్టూ చెబుతున్నాను. కుడి కాలు, దించు, ఆనింది. ఎడమ కాలు, దించు, ఆనింది. ఆయన చూపు నా తల మీదుగా ఎదురుగా ఎక్కడో ఉంది. బరువంతా నా మీద ఉంది. ఆయన నన్ను నమ్మి అడుగు వేస్తున్నాడు. ఇంక వేరే దారి లేక నమ్ముతున్నాడేమో అని కూడా అనుకున్నాను.

రెండో అంతస్తు మలుపు దాకా వచ్చాం. అక్కడ ఆగిపోయాడు.

"ఏంటి బావా, అలసటా?"

"అక్కడ."

నా వెనక ఉన్న గోడ మీద, పైకి చూస్తున్నాడు. మెడ తిప్పి చూశాను. పైకప్పు అంచు కింద, జానెడు మేర రెండో పూత అందలేదు. పాత రంగు లేతగా కనిపిస్తోంది. పొద్దున్నుంచి మేం ఆరుగురం ఆ మెట్ల మీద పదిసార్లు తిరిగాం. ఎవరి కంటా పడలేదు.

"సామానంతా బండెక్కింది బావా. అంత ఎత్తున ఎవరు చూస్తారు?"

"నేను చూశాను కదా" అన్నాడు.

ఆయన్ని మెల్లిగా మెట్టు మీద కూర్చోబెట్టాం. గోడ ఆయన వెనక మెట్టు మీద కూర్చుని, తన మోకాళ్లు ఆయన వీపుకి ఆనించాడు. నేను కిందికి వెళ్లి, బండి మీద కట్టిన తాళ్లు విప్పించి, నిచ్చెన, చిన్న డబ్బా, రెండంగుళాల బ్రష్షు తీసుకుని మళ్లీ రెండంతస్తులు ఎక్కాను. కిటికీలోంచి ఇంకా వెలుగు వస్తోంది. నిచ్చెన వేసి ఎక్కి, బ్రష్షు ముంచి, అంచు పట్టుకున్నాను.

"కుడికి" అన్నాడు బావ కింద నుంచి. "ఇంకొంచెం."

కుడికి జరిగాను.

"అదీ" అన్నాడు.